శ్రీకాకుళంలో బ్లూ-రే ప్లేయర్: ఏళ్ల తరబడి వాడాక

కొత్త ఫార్మాట్ ప్లేయర్ కొనేముందు పత్రికలో రేటింగులు కాదు, ఇంట్లో బీరువా తెరిచి చూడండి. అందులో ఉన్న డిస్కులను అది ఎంత బాగా ఆడిస్తుందన్నదే అసలు పరీక్ష. నా ప్లేయర్‌ని ఇన్నేళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగేది ఇదే.

డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మ ఇచ్చే సినిమా డిస్కులకి అప్పట్లో రెండు పోటీ ఫార్మాట్లు ఉండేవి: బ్లూ-రే, తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీ. 2008 జనవరి 4న హాలీవుడ్ స్టూడియో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు వెళ్తున్నట్టు ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది. ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మా బావ ఫోన్ చేశాడు. "ఇక్కడ హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు చవగ్గా వదిలించుకుంటున్నారు, తెమ్మంటావేంట్రా?" అన్నాడు. వద్దన్నాను. అక్కడి 120 వోల్టుల పెట్టెకి ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, పైగా డిస్కులు ఎక్కడ దొరుకుతాయి?

నిజానికి హెచ్‌డీ డీవీడీ బొమ్మ బాగోక ఓడిపోలేదు. రెండింట్లోనూ 1080 గీతల బొమ్మే, 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. ఒక్కో పొరలో దానికి 15 జీబీ పడితే బ్లూ-రేకి 25 పడుతుంది. కానీ హెచ్‌డీ డీవీడీకి రీజియన్ తాళం (ఒక ప్రాంతం డిస్కు వేరే ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా ఆపేది) లేదు. బ్లూ-రేకి ఉంది: మనది సి, అమెరికాది ఎ. తర్వాత బావ ప్రేమగా తెచ్చిన బ్లూ-రేల్లో కొన్ని ఆడాయి, కొన్ని రీజియన్ తప్పని చెప్పి ఆగిపోయాయి. బయటి దేశం నుంచి ఎవరైనా తెస్తానంటే అట్ట వెనక ఎ, బి, సి మూడూ ఉన్నాయేమో చూడమనండి.

తెలుగు సినిమాలు బ్లూ-రేలో వచ్చినవి తక్కువ. అందుకే మా ఇంట్లో ఈ పెట్టె ఎక్కువగా ఆడించింది డీవీడీలనే, అందులోనూ పెళ్లి డీవీడీలని. అవి 576 గీతలవి. ప్లేయర్ వాటిని 1080కి సాగదీస్తుంది. లేని వివరం పుట్టించలేదు గానీ, మనుషులు కదిలినప్పుడు అంచుల్లో కనిపించే దువ్వెన పళ్లలాంటి గీతలు మాత్రం పోయాయి. అక్క పెళ్లిలో నాన్న పందిట్లో అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ భోజనాలకు పిలిచే ముక్క ఉంది. నాన్న ఇప్పుడు లేరు. ఆ ముక్క కాస్త శుభ్రంగా కనబడటమే నాకు ఈ ప్లేయర్ చేసిన పెద్ద మేలు.

సౌండ్ సంగతి: పాత ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ తీగ కలిపితే డాల్బీ ట్రూహెచ్‌డీ, అంటే బ్లూ-రేల్లో ఉండే పెద్ద నాణ్యత సౌండ్, పూర్తి నాణ్యతతో రాదు. హెచ్‌డీఎంఐ ఉన్న ఆంప్ ఉండాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక, మాకు కరెంటు వచ్చినా నెట్ చాలా రోజులు నిలకడగా లేదు. పిల్లలకు అప్పుడు ఈ డిస్కులే దిక్కయ్యాయి.

ఇక రిపేరు. ఒక దశలో బ్లూ-రేలు చక్కగా ఆడుతుంటే డీవీడీలు మాత్రం "డిస్క్ లేదు" అనడం మొదలైంది. డిస్కులు పాడయ్యాయని టెన్షన్ పడ్డాం. కారణం వేరే: డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ విడిగా ఉంటుంది. ఒకటి అలిసిపోయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో పార్టు లేదు, కొత్తది కొనమన్నారు. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక మెకానిక్ వేరే పాత ప్లేయర్‌లోంచి లేజర్ యూనిట్ తీసి వేశాడు. మళ్లీ పెళ్లి డీవీడీలు ఆడాయి.

ఇప్పుడు కొత్తవి తక్కువ దొరుకుతున్నాయి కాబట్టి చాలామంది సెకండ్ హ్యాండ్ వెతుకుతున్నారు. చూడ్డానికి వెళ్లేటప్పుడు రెండు డిస్కులు తీసుకెళ్లండి. ఒకటి రెండు పొరలున్న 50 జీబీ బ్లూ-రే: మొదట్లో ఆడిందని సరిపెట్టుకోకుండా సినిమా సగం దాటించి చూడండి, ఎందుకంటే రెండో పొరకు మారేచోటే అలిసిన లేజర్ తడబడుతుంది. రెండోది మీ ఇంట్లోని అన్నిటికన్నా పాత పెళ్లి డీవీడీ.