ఆన్‌లైన్ ఆటకు బొమ్మలు: గూగుల్‌వా, కొన్నవా, ఫ్రీ లైసెన్స్‌వా, సొంతవా? ఏది మేలు?

"అన్నా, నిన్నటి కోట మ్యాప్ జర పంపవా? వచ్చే ఆదివారం మా వాళ్లతో ఆడిస్తా." డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) లాంటి ఆటల్లో ఆటగాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు, గేమ్ మాస్టర్ కథ నడిపిస్తాడు. వాటిని ఆన్‌లైన్‌లో ఆడించే గేమ్ మాస్టర్ల మధ్య తరచూ వినిపించే మాట ఇది. నల్లగొండలో ఒకరు, పాలమూరులో ఇద్దరు, హైదరాబాద్ హాస్టల్లో ఇంకొకరు కూర్చుని డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఆడుతుంటే తెర మీది మ్యాప్ ఎక్కడిదని ఎవరూ అడగరు. ఫైలు ఇంకో గేమ్ మాస్టర్ చేతికి పోయేటప్పుడే లెక్క మారుతుంది. అందుకే నేనైతే బొమ్మ ఎంత బాగుందో చూసే ముందు అది ఎంత దూరం పోబోతోందో చూస్తాను.

గూగుల్‌లోనో పింటరెస్ట్‌లోనో వెతికి సేవ్ చేసుకోవడం అందరూ ముందుగా చేసే పని. ఖర్చు లేదు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కాపీరైట్ గుర్తు కనబడలేదు కాబట్టి ఫ్రీ అనుకుంటారు. కానీ హక్కు బొమ్మ గీసినప్పుడే పుడుతుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. నలుగురు దోస్తుల ఆట దాని కిందికే వస్తుందని వాదించుకోవచ్చు. అదే ఆటను యూట్యూబ్‌లో లైవ్ పెట్టినా, ఊళ్లో ఉన్న గేమ్ మాస్టర్లందరికీ డ్రైవ్ ఫోల్డర్ లింకు ఇచ్చినా ఆ వాదన నిలబడటం కష్టం. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హెచ్చరికలు) పడితే ఛానెలే పోవచ్చు. పైగా పింటరెస్ట్ బొమ్మ ఎవరు గీశారో చాలాసార్లు తెలియనే తెలియదు, అనుమతి అడుగుదామన్నా ఎవరిని అడగాలి?

డబ్బులు పెట్టి కొన్న మ్యాప్ ప్యాక్ దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. "కొన్నాను కదా, నా ఇష్టం" అంటారు. సినిమా టికెట్ కొన్నంత మాత్రాన రీలు మనదైపోదు. ప్యాక్‌లు అమ్మే ఆర్టిస్టుల షరతుల్లో సాధారణంగా ఉండేది ఒకటే: మీ ఆటలో వాడుకోండి, ఫైలు పంచకండి. అంటే మన టేబుల్ దగ్గర (మన ఆట బృందంలో) ఇంత బేఫికర్ సరుకు లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి మాత్రం పనికిరాదు. ఎవరైనా అడిగితే ఆ ఆర్టిస్టు పేజీ లింకు పంపండి. చాలామంది ఒకటి రెండు మ్యాపులు అక్కడ ఉచితంగానే పెడతారు.

మధ్యలో ఒక పుకారు సంగతి. 2023 జనవరిలో డీ అండ్ డీని తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఎస్‌ఆర్‌డీ 5.1 అనే మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో అందరూ ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్స్) కింద వదిలింది. దాంతో "డీ అండ్ డీ మొత్తం ఫ్రీ" అనే మాట పుట్టింది. వదిలింది ఆట నియమాల పాఠాన్ని. పుస్తకాల్లోని డ్రాగన్ బొమ్మలు అందులో లేవు.

పంచుకోవడానికే పుట్టినవి క్రియేటివ్ కామన్స్ బొమ్మలు. ఇక్కడ లైసెన్స్ చివరి అక్షరాలు చదవాలి. ఎన్‌సీ (వ్యాపారానికి వాడొద్దు) ఉంటే, ఆటగాళ్ల దగ్గర ఫీజు తీసుకునే గేమ్ మాస్టర్ దూరంగా ఉండటమే మంచిది. ఎన్‌డీ ఉంటే మ్యాప్‌ను మార్చి పంచకూడదు. ఎస్‌ఏ ఉంటే మీరు మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. గీసినవారి పేరు, లైసెన్స్ డౌన్‌లోడ్ చేసిన రోజే ఫైలు పేరులో రాసుకుంటే తర్వాత వెతుక్కునే టెన్షన్ ఉండదు. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017లో 3,75,000కు పైగా బొమ్మలను ఏ షరతూ లేకుండా వదిలింది. అందులో దక్కన్ సుల్తానుల కాలపు చిత్రాలూ ఉన్నాయి. మన కథలో నవాబుకో, దివానుకో ముఖం కావాలంటే అంతకంటే ఏం కావాలి?

ఇక నా ఓటు ఎక్కువగా పడేది సొంత ఫోటోలకే. నల్లగొండ దగ్గరి పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూడండి. మూడు గర్భగుడులు, మధ్యలో ఒక మండపం. అచ్చం డంజన్ (ఆటలో వచ్చే నేలమాళిగ) ప్లానే. ఒక గర్భగుడిలో పగలంతా కదలకుండా స్తంభం నీడ కనిపిస్తుంది. అది ఏ స్తంభానిదో కనుక్కుంటేనే తలుపు తెరుచుకుంటుందని పెడితే ఆటగాళ్లు గంటసేపు అక్కడే ఉంటారు. మండపాన్ని అంగలతో కొలవండి. ఆటలో ఒక గడి అంటే ఐదడుగులు, మామూలు నడకలో రెండు అంగలు దాదాపు అంతే. ఇంటికొచ్చి గళ్ల కాగితం మీద గీసి, ఆట ఆడించే వెబ్‌సైట్ రోల్20లో గడికి 70 పిక్సెళ్ల చొప్పున ఎక్కిస్తే సరి. ఆ మ్యాప్ హక్కు మీదే, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

పాత గుడులే కానక్కర్లేదు. జనం వెళ్లే చోట శాశ్వతంగా ఉన్న శిల్పాలను ఫోటో తీసి ప్రచురించడానికి 52వ సెక్షనే ఒప్పుకుంటుంది. నాగార్జునసాగర్ బుద్ధవనంలోని కొత్త శిల్పాలకూ ఇది వర్తిస్తుంది. పాలమూరులోని పిల్లలమర్రి చెట్టుకు 2018లో చెదలమందును సెలైన్ సీసాలతో ఎక్కించారు. మహావృక్షానికి వైద్యం చేసే ఆ ఊహను ఎవరైనా కథగా వాడుకోవచ్చు, దానికి కాపీరైట్ లేదు. ఆనాటి ప్రెస్ ఫోటోలు మాత్రం తీసినవాళ్లవో వాళ్ల పత్రికలవో. చెట్టు దగ్గరికెళ్లి మీ ఫోన్‌తో తీసుకోండి.

ఏఐ బొమ్మల గురించి ఒక్క మాట. యంత్రం ఒక్కటే గీసినదానికి కాపీరైట్ రాదని అమెరికాలో ఒక కోర్టు 2023లో చెప్పింది. అంటే దాన్ని ఇంకొకరు ఎత్తుకుపోయినా మీరు గట్టిగా అడగలేకపోవచ్చు. కొన్ని టేబుళ్ల దగ్గరైతే వాటిని చూస్తేనే మొహం చిట్లిస్తారు.

పాత్ర ముఖచిత్రం గీయించుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. మన చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బులిచ్చి గీయించుకున్న పోర్ట్రెయిట్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవారే మొదటి హక్కుదారు. అయితే ఆర్టిస్టులు తమ షరతులు ముందే పెడుతుంటారు. అందుకే ఫోన్‌పే కొట్టే ముందే "మిగతా గేమ్ మాస్టర్లకు ఇవ్వొచ్చా?" అని మెసేజ్ పెట్టి, వచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.