పొట్టిక్కలా, దిబ్బరొట్టా? ఒక్క ఆదివారానికి ఏది మేలు?

పూతరేకులంటే ఆత్రేయపురం, మడత కాజా అంటే తాపేశ్వరం, గొట్టం కాజా అంటే కాకినాడ. గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఇవన్నీ అట్టపెట్టెలో సర్దుకుని హైదరాబాదు, అమెరికా కూడా వెళ్లిపోతాయి. వాటి కోసం ఊరిదాకా రానక్కర్లేదు. పొయ్యి పక్కనే నిలబడి తినాల్సినవి, చల్లారితే సగం రుచి పోయేవి వేరే ఉన్నాయి. నా ఆదివారం వాటికే. తిన్నాక కాసేపు కూర్చోడానికి నీటి ఒడ్డు కావాలి, లేవమనేవాళ్లు ఉండకూడదు. ఈ రెండూ కలిసొచ్చే చోటు ఏదని అడిగితే నా లెక్కలో మిగిలేవి రెండే: అంబాజీపేట పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు) తిని, నది మీదుగా కాలువని దాటించే గన్నవరం అక్విడెక్టు, లేదా పాలకొల్లు దిబ్బరొట్టి (మందపాటి మినప రొట్టె) తిని, బళ్లనీ మనుషుల్నీ నది దాటించే పంటెక్కి అంతర్వేది.

రాజమండ్రి గట్టు మీద రోజ్ మిల్క్ నాకూ ఇష్టమే. కానీ సాయంత్రం అక్కడ జనం ఎక్కువ, బళ్లు ఎక్కువ. కాకినాడలో సుబ్బయ్య హోటల్ భోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆకు నిండిపోతుంది. ఆ భోజనం చేసి కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నడుద్దామంటే కాళ్లు కదలవు. అది రెండు వేర్వేరు రోజుల పని.

ముందు అంబాజీపేట. కొబ్బరి మార్కెట్టుకి పేరుపడ్డ ఊరు కాబట్టి చట్నీలో కొబ్బరికి లోటుండదు. పనసాకుల్ని ఈనుపుల్లలతో బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ప్లేటులో పెట్టగానే ఆకు విప్పేయాలని చెయ్యి ఉబలాటపడుతుంది, కానీ ముందు ఈనుపుల్ల లాగాలి, లేకపోతే వేలికి గుచ్చుకుంటుంది. ఆకు మెల్లిగా ఊడి వచ్చేటప్పుడు దాని ఈనెలన్నీ పొట్టిక్క మీద అచ్చుపడి కనిపిస్తాయి. పచ్చగా ఉన్న ఆకు ఉడికి గోధుమరంగుకి తిరిగుంటుంది. ఆ పనస వాసన పిండిలోకి దిగుతుంది చూడండి, అది ఏ స్టీలు గిన్నెలో ఉడికిన ఇడ్లీకీ రాదు. మొదటిది ఒట్టిదే తినాలని నా పట్టుదల. అల్లం చట్నీ, కొబ్బరి చట్నీ రెండోదానికి. మధ్యాహ్నం దాకా తాత్సారం చేస్తే దొరక్కపోవచ్చు, పొద్దున్నే వెళ్లాలి.

అక్కణ్ణించి పి.గన్నవరం దగ్గరే. అక్కడ కాలువ వైనతేయ నది మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాలంలోనే నదికి ఆవలున్న లంకభూములకి నీళ్లందించడానికి 49 కమాన్లతో పాత అక్విడెక్టు కట్టారు. పక్కనే ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరంలోనే ఆవిడ వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా లేదనకుండా అన్నం పెట్టారు. 1909లో పోయారు, అయినా ఈ చుట్టుపక్కల ఇప్పటికీ పెద్దవాళ్లు 'సీతమ్మ గారు' అనే అంటారు. కడుపు నిండా తిని, ఆ పేరున్న వారధి పక్కన కూర్చోవడం నాకు మహా ఇష్టం. గట్టు మీద కొబ్బరి నీడ, కింద ఇసుక తిన్నెలు, ఎక్కడో ఒక పడవ. గంట కూర్చున్నా పలకరించేవాళ్లుండరు, పలకరించినా "ఏ ఊరండీ?" అని అడిగి వెళ్లిపోతారు.

ఇక పాలకొల్లు. దిబ్బరొట్టి తొందరపడేవాళ్ల తిండి కాదు. మినపపిండి, బియ్యపు రవ్వ కలిపి మందపాటి మూకుడులో పోసి, కింద సన్నసెగ, మూత మీద నిప్పులు పెట్టి కాలుస్తారు. "ఇప్పుడే మూతేశానండి, కాసేపు పడుతుంది" అంటే ఆగాల్సిందే. ఆగినందుకు ఫలితం ఉంటుంది. అంచు పట్టుకుంటే కరకరలాడుతుంది, విరిస్తే లోపల మెత్తగా పొగలు. చట్నీతో తింటే ఒక రుచి, చెరకు పానకంలో ముంచుకుంటే ఇంకో రుచి. నా ఓటు పానకానికే. రుచిలో పొట్టిక్క కన్నా ఇది ఒక మెట్టు పైనే, ఒప్పుకోవాలి.

పాలకొల్లు నుంచి నరసాపురం రేవుకి వెళ్లి, పంటెక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. పంటు మీద మోటారు సైకిళ్లు, కార్లు, చేపల గంపలు, పెళ్లికి పోయేవాళ్లు అందరూ ఉంటారు. నదీ మధ్యకి వచ్చేసరికి గాలి తగిలి అందరి మాటలూ తగ్గుతాయి. నాకు అంతర్వేది కన్నా ఈ దాటడమే ముద్దు. అక్కడ నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్తే నది సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి రథోత్సవం, అప్పుడు ప్రశాంతత కోరుకుని వెళ్లడం తప్పు. దేవుడి కోసమైతే వెళ్లండి.

మరి ఏది మేలు? ఒంటరిగా వెళ్తే, మనసు అలసిపోయి ఉంటే, అంబాజీపేటే. తిండికీ నీటికీ మధ్య తిరుగుడు తక్కువ, మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పిల్లలతోనూ ముసలమ్మతోనూ బయల్దేరితే పాలకొల్లు దారి. పిల్లలకి పంటు, పెద్దవాళ్లకి గుడి, అందరికీ దిబ్బరొట్టి. రోజంతా పడుతుంది, పట్టనివ్వండి.

కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తే అక్విడెక్టులో నీళ్లుండవు, అప్పుడు అంతర్వేది గాలే సుఖం. ఆగస్టులో గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా దిండి వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాలి. అలాంటప్పుడు పాలకొల్లులో తినేసి వెనక్కి వచ్చేయడమే మంచిది. మామూలు రోజుల్లోనైనా నరసాపురం రేవులో టిక్కెట్టు కొనేటప్పుడే ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి.