మా మేడగదిలో ఈక్వలైజర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళంలో మా మేడమీద గదిని హోమ్ థియేటర్ చేసి ఆరేళ్లయింది. అందులోకి సరైన ఈక్వలైజర్, అంటే శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో పెంచి తగ్గించే పెట్టె, వచ్చి నాలుగేళ్లు. ముందు రెండేళ్లు ఎలా గడిచాయో మా నరసన్నపేట బావ ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆయనది షామియానా, సౌండ్ సిస్టం వ్యాపారం. పావుగంట సినిమా చూసి, "ఏటి బావా ఇది, గది ఊగుతోంది గానీ మాట ఇనపడట్లేదు" అన్నాడు.

గది పన్నెండున్నర అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్. మన ఊళ్లలో ఎవరిల్లు చూసినా ఇంతే. విదేశీ వీడియోల్లో చూపించే గదులు వేరు. అక్కడ చాలా ఇళ్లలో గోడంటే చెక్క ఫ్రేముకి కొట్టిన జిప్సం పలక. బేస్, అంటే లోతైన మోత, కొంత ఆ పలకని ఊపడంలోనే ఖర్చయిపోతుంది, కొంత బయటికి పోతుంది. మన ఇటుక గోడ ఏదీ పోనివ్వదు, వచ్చింది వచ్చినట్టు తిప్పి కొడుతుంది. శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు వెళ్తుంది. ఆ అంకెని గది పొడవుకి రెట్టింపుతో, అంటే 25తో, భాగిస్తే 45 వస్తుంది. అంటే సెకనుకి 45 సార్లు ఊగే శబ్దం (45 హెర్ట్జ్) దగ్గర మా గది తనే ఒక డప్పు.

ఇదంతా అప్పుడు తెలీదు. బావ తన దగ్గర మూల పడున్న 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో స్లైడర్ ఉండే రకం) తెచ్చి, బేస్ ఇచ్చే స్పీకరు సబ్‌ఊఫర్ దారిలో పెట్టాడు. స్లైడర్లు వరసగా 31.5, 40, 50, 63, 80 ఇలా ఉంటాయి. నాకు కావాల్సిన 45 వాటిలో లేదు. 40, 50 రెండూ కిందికి లాగితే బండ మోత తగ్గింది గానీ, దాంతోపాటు ఆ చుట్టుపక్కల బేస్ అంతా చప్పబడిపోయింది. అసలు తప్పు 80 దగ్గర చేశాను. డ్రమ్ దెబ్బలో బలం లేదని 80 స్లైడర్ 9 డీబీ (డెసిబెల్, శబ్దం బలానికి కొలత) పైకి లేపాను. 9 డీబీ అంటే యాంప్లిఫయర్ మీద ఎనిమిది రెట్ల భారం. సబ్‌ఊఫర్ కోన్ అదిరిపోతోంది, సోఫాలో కూర్చున్న నాకు మాత్రం తేడా లేదు. ఎందుకంటే సోఫా వెనక గోడకి మూడున్నర అడుగుల ముందుంది. 80 హెర్ట్జ్ అల పొడవు 14 అడుగులు, అందులో పావు వంతు సరిగ్గా ఆ మూడున్నరే. గోడకి కొట్టుకుని వెనక్కొచ్చిన అల, ఎదురొచ్చే అలని అక్కడ చంపేస్తుంది. నువ్వు ఎంత పెంచితే తిరిగొచ్చేదీ అంత పెరుగుతుంది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. దీనికి మందు ఈక్వలైజర్ కాదు, సోఫా. అడుగున్నర వెనక్కి జరిపాను. శబ్దం చచ్చే ఆ గుంట 140 హెర్ట్జ్ వైపు పోయింది, అక్కడ అంత లోతుగా లేదు.

ఆ గ్రాఫిక్ పెట్టె ఇప్పుడు వినాయక చవితి పందిళ్లలో బావకి బాగానే పనిచేస్తోంది. దాని పని అది.

విశాఖలో ఒక షాపులో గదిని కొలిచే మైకు గురించి అడిగితే "మైకెందుకండీ, చెవికి బాగుంటే చాలు" అని ఇంకో పెద్ద పెట్టె అంటగట్టబోయారు. అక్కడ కొని ఉంటే మళ్లీ ఇదే కథ. నేను ముందు కొన్నది కొలత మైకు, యూమిక్-1. ప్రతి మైకుకీ దాని సీరియల్ నంబరుతో విడిగా కాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు కొలతలో తేడాలు దిద్దేది) ఇస్తారు. కొలిచే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూ, రూమ్ ఈక్యూ విజార్డ్, ఉచితం. ఆ తర్వాతే అసలు ఈక్వలైజర్ పెట్టె, మినీడీఎస్పీ 2×4 హెచ్‌డీ, తెప్పించాను. కస్టమ్స్‌తో కలిపి రెండూ ముప్పై వేలు దాటాయి. ఈ పెట్టె పారామెట్రిక్ రకం. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత, ఎంత వెడల్పున కొయ్యాలో మూడూ మనమే చెప్తాం. ఒక్కో అవుట్‌పుట్‌కి పది ఫిల్టర్లు.

కొలిచింది మే నెలలో, రాత్రి ఒంటిగంటకి. ఫ్యాన్ గాలి మైకుని ఊపితే గ్రాఫ్ కింది భాగం చెడుతుందని ఆపేశాను. చెమట కారుతుంటే సోఫాలో నా తల ఉండే చోట మైకు పెట్టి, 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్, అంటే కింది నుంచి పైకి జారే స్వరం, వదిలాను. 45 దగ్గర గీత కొండలా లేచింది, చుట్టుపక్కల కంటే 12 డీబీ ఎత్తు. అదే వేళ కిందనుంచి అమ్మ కేక: "ఒరే, అటక మీద బిందెలు మాటాడుతున్నాయిరా!" నిజమే. ఒక్కో ఫ్రీక్వెన్సీనే పలికించే టోన్ జనరేటర్‌తో నెమ్మదిగా జరుపుకుంటూ పోతే ఇత్తడి బిందె 46 దగ్గర, ఇనప బీరువా తలుపు 58 దగ్గర బయటపడ్డాయి. బిందె కింద గుడ్డ, తలుపుకి రబ్బరు ముక్క. సినిమాలో వినపడే గరగరలో సగం స్పీకర్లది కానే కాదు.

పెట్టిన ఫిల్టర్లు నాలుగే. 45 దగ్గర 11 డీబీ కోత, క్యూ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 5. స్లాబు ఎత్తు వల్ల వచ్చిన 57కి 4 డీబీ కోత. ఇంకో రెండు చిన్నవి. పెంచింది ఒక్కటీ లేదు. కోశాక సబ్‌ఊఫర్ మొత్తం వాల్యూమ్ కాస్త పెంచుకున్నాను. మోత ఎంతసేపట్లో ఆగుతుందో చూపే వాటర్‌ఫాల్ గ్రాఫులో ఇంకో లాభం కనిపించింది. 45 మోత ఆగడానికి పట్టే టైమ్ కూడా దాదాపు సగానికి తగ్గింది. మాట వినపడకుండా చేసింది ఆ సాగే మోతే. గొంతు మీద దుప్పటి తీసేసినట్టయింది.

అయితే ఇది మధ్య సీటు సంగతి. మా ఆవిడ కూర్చునే అంచు సీటులో 51 దగ్గర ఇంకా ఉబ్బు ఉంది. అది గది వెడల్పు తెచ్చిన తగాదా. మధ్యలో కూర్చుంటే తెలీదు, పక్కకెళ్తే తెలుస్తుంది. అందరికీ కలిపి ఫిల్టర్ పెడితే నాకు పలచబడుతుంది. చివరికి సబ్‌ఊఫర్‌ని మూలనుంచి తీసి ముందు గోడ మధ్యలో పెట్టాను. వెడల్పు మోత అసలు లేవడమే మానేసింది. ఫిల్టర్లు మళ్లీ కొలిచి సరిచేశాను. ఈ పని ముందే చేసుంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది.

పెట్టిన మొదటి వారం 50 హెర్ట్జ్ హమ్, గుయ్‌మనే మోత, ఒకటి పట్టుకుంది. పెట్టెని అనుమానించి రెండు రోజులు తిట్టుకున్నాను. కారణం ఏవీఆర్ (స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్) ఒక ప్లగ్గులో, సబ్‌ఊఫర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉండటం. అన్నీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకి తెచ్చాక పోయింది. ఇంకో మాట, ఈ పెట్టె లోపల సిగ్నల్ కాస్త ఆలస్యం అవుతుంది. ఏవీఆర్ ఆలస్యాన్ని లెక్కేసేది స్పీకర్ దూరాన్ని బట్టే, అందుకే అందులో సబ్‌ఊఫర్ దూరం మళ్లీ సరిచూసుకోవాలి.

దీనివల్ల కానివీ చెప్తాను. హెచ్‌డీఎమ్ఐ లేదు, కాబట్టి సెంటర్, సరౌండ్ స్పీకర్ల జోలికి రాదు. గదిలో చప్పట్లు కొడితే టైల్స్‌కీ స్లాబుకీ మధ్య ఖంగుమనే మోత ఏ ఈక్వలైజరూ తీయలేదు. ఇంట్లో పొందూరు ఖద్దరు కర్టెన్లు కట్టాం. చూడముచ్చటగా ఉన్నాయి, సౌండుకి ఉపయోగం సున్నా, అంత పలచని నేత మరి. పని చేసింది కింద వేసిన దట్టమైన కార్పెట్టు, వెనక గోడకి నిలబెట్టిన రెండు దూది పరుపులు. చూడ్డానికి కళ్యాణమండపం విడిదిలా ఉందని మా ఆవిడ గొడవ, అది వేరే సంగతి.

కొనేముందు మీ ఏవీఆర్‌లో ఏముందో చూసుకోండి. గదిని కొలిచి శబ్దాన్ని తనే దిద్దే ఆడిస్సీ ఎక్స్‌టీ32 ఉంటే అదే సబ్‌ఊఫర్‌ని బాగా దిద్దుతుంది, విడిగా పెట్టె తొందర లేదు. నాది ఆడిస్సీలోనే కింది రకం 2ఈక్యూ. అది సబ్‌ఊఫర్‌ని ముట్టుకోదు. డబ్బు ఒక్కదానికే ఉంటే మైకు కొని, సోఫా, సబ్‌ఊఫర్ జరుపుకుంటూ నెల రోజులు గడపండి.

కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు పోవు. పెట్టెలో నాలుగు ప్రీసెట్లు (దాచుకున్న సెట్టింగులు) ఉన్నాయి, నేను వాడేది రెండు. రెండోది రాత్రి పూటకి, 35 కింద అంతా కోసేసింది, కింద అమ్మ నిద్రపోతుంది కాబట్టి. పోయిన సంక్రాంతికి సోఫా మార్చాం, మళ్లీ మైకు పెట్టాను. 45 అక్కడే ఉంది. 57 కోతని మాత్రం 4 నుంచి 3కి దించాను.