నిమ్మరసం తేల్చిన నీలం: తొమ్మిదేళ్ళ వాడకం

గుంటూరులో వంటా వార్పూ చూసుకుంటూనే రోజూ పెట్టుకోవడానికి నేను కొన్న నీలి రాళ్ళ నగలు నాలుగు. వాటిలో ఏడాది కూడా నిలవని దాని సంగతి ముందు చెప్పాలి.

విజయవాడలో ఒక దుకాణంలో "ఒరిజినల్ నీలమేనమ్మా" అన్న మాట నమ్మి, ముదురు రంగు రాయి ఉంగరం తక్కువ ధరకే తీసుకున్నాను. వేసవిలో ఆ ఉంగరంతోనే రెండు రోజులు ఊరగాయకు నిమ్మకాయలు పిండాక, రాయి మీద సాలెగూడులాంటి తెల్లటి గీతలు బయటపడ్డాయి. కంసాలి భూతద్దం కింద చూపించాడు: లోపల గాలి బుడగలు, రంగంతా పగుళ్ళ వెంటే. నాసిరకం కురువిందం (నీలం కూడా ఈ ఖనిజమే) పగుళ్ళలో కోబాల్టు కలిపిన సీసపు గాజు నింపారన్నమాట. ఆ గాజును నిమ్మపులుపు కూడా తినేస్తుంది. బిల్లులో "బ్లూ స్టోన్" అని మాత్రమే ఉండటంతో వెళ్ళి అడగడానికీ నోరు లేకపోయింది.

తరువాత కొన్న సిలోన్ నీలానికి ఇచ్చిన ల్యాబ్ కాగితంలో "వేడి చేసినది" అని ఉండటం చూసి మా అత్తగారు పెదవి విరిచారు. నిజానికి నీలానికి రంగునిచ్చేవి ఇనుము, టైటానియం. శ్రీలంకలో దొరికే పాలమసక గ్యూడా రాళ్ళను 1500 డిగ్రీలకు పైగా కాల్చితే, వాటిలోని సన్నని రూటైల్ (టైటానియం ఖనిజం) సూదులు కరిగి, టైటానియం రాయిలో కలిసిపోయి నీలం తేలుతుంది. ఆ రంగు ఇక పోదు. సబ్బు, కారం, పొయ్యి సెగ అన్నీ తగిలినా ఉంగరం బంగారం అరిగింది గానీ రాయి మాత్రం కొన్ననాటి లాగే ఉంది. (శని రాయి కదా, మూడు రాత్రులు దిండు కింద పెట్టి చూడమన్నారు, హాయిగా నిద్రపట్టింది.)

లండన్ బ్లూ అనే ముదురు నీలి ఛాయ టోపాజ్ దుద్దుల రంగు, తెల్లటి టోపాజ్‌కు రేడియేషన్ ఇచ్చి తెచ్చినదే అయినా, ఇసుమంత కూడా వెలిసిపోలేదు. అయితే ఒకటి స్నానాలగది గచ్చు మీద పడి, కత్తితో కోసినట్టు నున్నగా రెండుగా చీలింది. టోపాజ్ గట్టి రాయే గానీ, ఒక దిశలో దెబ్బకు ఆగదు.

1967లో టాంజానియాలో వెలుగు చూసిన టాంజనైట్ చాలావరకు గోధుమ రంగులో దొరుకుతుంది, కాల్చాకే నీలమవుతుంది. పగటి వెలుగులో నీలంగా, రాత్రి పసుపు బల్బు కింద ఊదాగా మారే ఆ అందానికి మిగతావేవీ సాటిరావు. కానీ లాకెట్‌ను నాలుగేళ్ళు రోజూ వేసుకునేసరికి, మా వీధి దుమ్ములోని ఇసుక రేణువుల కంటే మెత్తనిది కావడంతో, రాయి అంచులు మొద్దుబారి ముఖం మసకేసింది. సానబట్టించి, ఇప్పుడు పెళ్ళిళ్ళకే బయటికి తీస్తున్నాను.