పాడుబడ్డ చోట్లు వెతకడానికి గూగుల్ ఎర్త్ ప్రో: మూడేళ్లు వాడాక నా మాట

మూతపడ్డ మిల్లులు, ఖాళీ ఆసుపత్రులు, రైళ్లు రాని స్టేషన్లు చూడ్డానికి తిరిగేవాళ్లను ఎవరైనా ముందు అడిగేది ఒకటే, అసలు ఇవి మీకెలా దొరుకుతాయి అని. నాకు దొరికినవాటిలో సగానికి పైగా ఇంట్లో కూర్చునే దొరికాయి, గూగుల్ ఎర్త్ ప్రోలో. భూమ్మీద ఏ చోటునైనా ఉపగ్రహ చిత్రాల్లో పైనుంచి చూపించే ప్రోగ్రాం ఇది. ఫోన్లోది కాదు, కంప్యూటర్లో వేసుకునేది. 2015 నుంచి ఇది ఉచితం.

దీంట్లో నాకు ప్రాణం ఒక్క బటనే. పైన గడియారం బొమ్మ ఉంటుంది, అది నొక్కితే అదే చోటి పాత ఉపగ్రహ చిత్రాలు తేదీలతో సహా వరసగా వస్తాయి. ఈ సదుపాయం 2009 నుంచి ఉంది, 2024లో వెబ్‌కీ ఫోన్‌కీ కూడా తెచ్చారు గానీ గంటల తరబడి వెతకాలంటే పెద్ద తెర, మౌస్ ఉండాల్సిందే. ఇవాళ్టి చిత్రం ఒక్కటి చూసి ఏదీ తేల్చలేం. సెలవు రోజు తీసిన చిత్రంలో నడుస్తున్న ఫ్యాక్టరీ కూడా బోసిగానే కనిపిస్తుంది. పదేళ్ల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి చూస్తే మాత్రం ఆ చోటు ఎప్పుడు ఆగిపోయిందో తెలిసిపోతుంది.

నేనొక మిల్లును పట్టుకున్నది ఇలాగే. పాత చిత్రంలో గేటు ముందు లారీలు బారు తీరి ఉన్నాయి. కొన్నేళ్లు ముందుకు జరిపితే రెండే, ఆ తర్వాత ఒక్కటి, అది కూడా వరసగా మూడు చిత్రాల్లో అక్కడే ఉంది, కాస్త కూడా కదల్లేదు. నాలుగో దాంట్లో దాని చుట్టూ పచ్చగా తీగ అల్లుకుంది. రేకుల కప్పు మీద ఓ మూల చిన్న నల్లమచ్చ కనిపించింది, చిత్రం మార్చినకొద్దీ అది పెద్దదవుతూ వచ్చింది, అది కప్పుకి పడిన కన్నం అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అంతమంది పనిచేసిన చోటు అలా కళ్లముందే ఖాళీ అయిపోతుంటే చాలాసేపు మౌస్ కదపబుద్ధి కాలేదు.

కన్ను అలవాటు పడాలంటే ముందు జవాబు తెలిసిన చోట్లతో మొదలుపెట్టండి. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఖాళీ చేయించిన ప్రిప్యాట్ పట్టణం తెరవండి. అక్కడ స్టేడియంలో ఆడే మైదానం ఎక్కడుందో వెతకండి, చెట్లు నిండిపోయి చుట్టూ ఉన్న ఆకారాన్ని బట్టి పోల్చుకోవాలి తప్ప మైదానంలా ఉండదు. జపాన్లో నాగసాకి దగ్గరి హషిమా దీవి ఇంకో మంచి పాఠం. బొగ్గు గని 1974లో మూసేశాక జనమంతా వెళ్లిపోయారు. 2013లో అక్కడ స్ట్రీట్ వ్యూ, అంటే నేల మీద నిలబడి చుట్టూ చూసినట్టుండే గూగుల్ ఫొటోలు కూడా తీశారు కాబట్టి పైనుంచి చూసిన కప్పు కింద నుంచి ఎలా ఉంటుందో పోల్చి చూసుకోవచ్చు.

నీడలు కూడా చూడండి. పొగగొట్టం పైనుంచి చిన్న చుక్కే, కానీ పొద్దున తీసిన చిత్రంలో దాని నీడ పొడుగ్గా నేల మీద పడుతుంది, పాత మిల్లుల్ని నేను ఎక్కువగా ఆ నీడతోనే పట్టుకుంటాను. రైలు దారులైతే ఇంకా తేలిక. రైలు ఒక్కసారిగా మలుపు తిరగలేదు, కాబట్టి పొలాల మధ్య చెట్ల వరస ఒకటి నిదానంగా వంపు తిరుగుతూ పోతుంటే అది పాత ట్రాక్ అయ్యే అవకాశం ఎక్కువ. అనుమానం వస్తే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే జనమే కలిసి గీసే ఉచిత పటంలో చూస్తాను. అక్కడ పట్టాలుండీ రైళ్లు నడవనిదాన్ని 'డిస్‌యూజ్డ్' అనీ, పట్టాలు కూడా పీకేసినదాన్ని 'అబాండన్డ్' అనీ విడిగా రాస్తారు. ఆ పటంలో వెతికిపెట్టే ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్‌సైట్‌లో ఆ మాటలతో వెతికితే తెర మీదున్న ప్రాంతంలో ఉన్నవన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

లోపాల సంగతికొస్తే, ఇది ఇవాళ్టి సంగతి చెప్పదు. చిత్రం ఏడాదిదో మూడేళ్లదో కావచ్చు, ఒకే తెర మీద పక్కపక్క ముక్కలు వేర్వేరు తేదీలవి కూడా కావచ్చు. అందుకే బయల్దేరే ముందు యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు కూడా తెరుస్తాను. అవి ఉచితం, కొద్ది రోజులకోసారి కొత్తవి వస్తాయి. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు కాబట్టి కన్నాలూ గిన్నాలూ కనిపించవు గానీ పెద్ద షెడ్డు ఇంకా నిలబడి ఉందా, కూల్చేశారా అన్నది తేలిపోతుంది. ఒకసారి డబ్బులు కట్టి ఎవరో అమ్మే లొకేషన్ల లిస్టు కొన్నాను, అందులో చాలావాటిని ఎప్పుడో కూల్చేశారని ఈ చిత్రాల్లోనే తెలిసింది. దయచేసి అలాంటివి కొనకండి.

ఇంకోటి, కప్పు మాత్రమే కనిపిస్తుంది, కింద మనుషులు కనిపించరు. అన్ని గుర్తులూ సరిపోయాయని వెళ్లిన ఒక క్వార్టర్స్‌లో రెండు స్తంభాల మధ్య తీగ కట్టి ఉంది, దాని మీద చిన్నపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి, ఇంకా నీళ్లు కారుతున్నాయి. కెమెరా బయటికి తీయకుండానే వెనక్కి వచ్చేశాను. అప్పట్నుంచి యజమాని ఎవరో కనుక్కుని, అడిగి, సరే అంటేనే లోపలికి వెళ్తున్నాను. పైనుంచి చూస్తే మెట్ల బలం తెలియదు, ఆ బూడిదరంగు రేకుల్లో పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే ఆస్బెస్టాస్ ఉందో లేదో తెలియదు. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు.

దొరికిన చోట్ల మీద గుచ్చుకునే గుర్తుల్ని, అంటే పిన్నుల్ని, ఫోల్డర్లుగా పెట్టుకోవడం, అన్నీ కలిపి కేఎంజెడ్ అనే ఒక్క ఫైలుగా దాచుకోవడం చాలా సులువు, ఆ ఫైలు ఎవరికైనా పంపడం అంతకన్నా సులువు. ఓసారి తెలిసినవాళ్ల గ్రూపులో ఒక పాత స్కూలు పిన్ను పెట్టాను. మళ్లీ వెళ్లేసరికి వైర్ల కోసం గోడలు పగలగొట్టి ఉన్నాయి, కిటికీలు ఫ్రేములతో సహా పోయాయి, నేను అంతకుముందు ఫొటో తీసిన నల్లబల్ల రెండు ముక్కలై నేల మీద పడుంది. అది నా పిన్ను వల్లే జరిగిందో లేదో తేల్చలేను, కానీ ఇప్పటికీ బాధగానే ఉంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మిల్లు ఎక్కడుందని మాత్రం అడగొద్దు, ఆ పిన్ను ఎవరికీ పంపలేదు.