సర్వం మీద రాయాల్నా, అప్పాజీ మీదనా?

అమృతం కామెడీ సీరియల్ మీద ఫ్యాన్ ఫిక్షన్ (అండ్ల పాత్రలతోని అభిమానులు సొంతంగ రాసే కథలు) రాద్దామనుకునేటోళ్లు అమృతం, ఆంజనేయులు ఇద్దర్ని వదిలేయుండ్రి, 2001ల జెమినీల మొదలైనప్పటి సంది వాళ్లనే చూస్తున్నం, కొత్తగ చెప్పేది ఏం మిగల్లే. ఇంక ఉన్నది వాళ్లిద్దరు నడిపే హోటల్ అమృత విలాస్ల సర్వర్ సర్వం, వాళ్ల ఇంటి ఓనర్ అప్పాజీ.

అప్పాజీ అయితే రాసుడు అల్కగ. కిరాయి అడుగుతడు, ఒర్లుతడు, డైలాగులు వాటంతటవే వస్తయి, కామెడీ గ్యారంటీ. కాకపోతే నాలుగు పేజీలకే అదే లొల్లి మళ్ల మొదలైతది.

సర్వం కష్టం, కానీ సరుకు ఆడనే ఉన్నది. టిఫిన్ ప్లేటు టేబుల్ మీద పెట్టినంక కస్టమర్ మొఖం ముందుగాల చూసేది ఆయనే కదా, ఓనర్లిద్దరు కొత్త ప్లాన్లు వేస్తుంటే ఇటు తిట్లు తినేది గూడ ఆయనే. హోటల్ బంద్ చేసినంక ఏడికి పోతడు, జీతం సక్కగ వస్తదా, గివే మనకు కావాల్సినయి. నేనైతే ఆయనతోని సెలవు పెట్టించి కాజీపేట జంక్షన్ల దింపుత, హన్మకొండ చౌరస్తా కాడ ఏదన్న టిఫిన్ సెంటర్ల కస్టమర్ లెక్క కూసోబెడ్త, చట్నీ ఇంకోసారి అడగనికి ఎంత మొహమాటపడ్తడో రాస్త. అప్పాజీని తీసుకొస్తే ఈడ గూడ కిరాయి ముచ్చటనే తీస్తడు.