పండక్కి పటాలు మార్చాలంటే: మేకా, జిగురు పట్టీనా, గోడ పలకా?

సంక్రాంతికో ఉగాదికో దసరాకో పటాలు అటూ ఇటూ మార్చే అలవాటున్న ఇంటికి గోడ పలకే, అంటే గోడకు బిగించి పటాలను నిలబెట్టే సన్నటి చెక్క అరే మేలు. మేకు బరువైనవాటికి, రెండు వైపులా అంటుకునే జిగురు పట్టీ తేలికవాటికి. అదీ గోడ ఒప్పుకుంటేనే.

మేకు సంగతి. ఇటుక గోడ మీద లోపలివైపు ప్లాస్టరింగ్ సుమారు 12 మి.మీ. మందమే. అంగుళం మేకు కొడితే సగం పట్టు అందులోనే ఉండిపోయి, కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడుతుంది. రెండంగుళాల స్టీలు మేకును, తల కాస్త పైకి ఉండేలా ఏటవాలుగా దించాలి. రెండు కిలోలు దాటిన పటానికి 6 మి.మీ. బిట్టుతో 40 మి.మీ. లోతు రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్, స్క్రూ బిగించాలి. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన కొత్త అపార్ట్‌మెంట్లలో మేకు వంగుతుందే తప్ప దిగదు, హ్యామర్ డ్రిల్ కావాల్సిందే. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం వద్దు, వైర్ల పైపులు ఉండేది అక్కడే. ఇంత చేశాక పటం చోటు మారిస్తే రంధ్రమూ, వెలియని రంగు చదరమూ బయటపడతాయి. లప్పం పూసి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది రంగు వేసినా మచ్చ తేలుతుంది.

అద్దె ఇంట్లో మేకు కొట్టొద్దంటే జిగురు పట్టీలు. గోడను అరచేత్తో రుద్ది చూడండి. పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో, పట్టీ ఆ పొడిని పట్టుకుని పటంతో సహా జారుతుంది. గట్టి ఎమల్షన్, టైల్స్, లామినేట్ తలుపుల మీద బాగా నిలుస్తుంది. కొత్త రంగైతే వారం ఆగాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పట్టీని 30 సెకన్లు అదిమి, గంట తర్వాతే పటం పెట్టాలి. ప్యాకెట్‌పై రాసిన బరువులో సగమే నమ్మండి. కింద లాగడానికి తోక ఉన్న పట్టీని తీసేటప్పుడు గోడ వెంబడే కిందికి మెల్లగా సాగదీయాలి. మనవైపు లాగితే లప్పమంతా ఊడొస్తుంది. వానకు చెమ్మెక్కే గోడకూ, ఎండకు కాలే పడమటి గోడకూ ఇవి పనికిరావు. ఒకసారి తీస్తే మళ్లీ అంటవు కాబట్టి ప్రతి పండక్కీ కొత్త ఖర్చే. అద్దం బిగించిన పెద్దల ఫొటోలను మాత్రం వీటికి అప్పగించకండి.

పలక అయితే ఒక్కసారే శ్రమ. మూడడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, ముందు సెంటీమీటరు అంచు ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ పలకను అడుగుకొక స్క్రూతో ఇటుక దాకా బిగించాలి. రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టకుండా బిగించొద్దు, అర సెంటీమీటరు వాలినా కంటికి తెలుస్తుంది. నేల నుంచి 49 అంగుళాల ఎత్తులో ఉంటే 16 అంగుళాల పటం నడిమధ్య చూపుకు సరిగ్గా వస్తుంది. వెనక పెద్దవి, ముందు చిన్నవి. ఇక ఏ పండక్కి ఏది కావాలంటే అది అయిదు నిమిషాల్లో మారిపోతుంది. దుమ్ము మాత్రం పడుతుంది, వారానికోసారి తుడవాలి. పటాలు జారకుండా అడుగున రబ్బరు ముక్కలు అంటించండి. ఇంట్లో పాకే పిల్లలుంటే దాని కింద మంచం గానీ సోఫా గానీ వేయొద్దు.

ఏ పద్ధతైనా శ్రీకాళహస్తి కలంకారీని ఎండ నేరుగా పడే గోడకు పెట్టకండి, సహజ రంగులు వెలిసిపోతాయి. గోడకు వేలాడే ప్రతి పటానికీ వెనక కింది మూలల్లో 4 మి.మీ. రబ్బరు బొడిపెలు అంటిస్తే గాలి ఆడి, శ్రావణంలో కూడా అట్టకు అంత తేలిగ్గా బూజు పట్టదు.